మీరు రాసిచ్చిన అంకె

శ్రీవారికి,

నమస్కారాలతో రాస్తున్నాను. ఇక్కడ అత్తయ్య, పాప, నేను క్షేమంగా ఉన్నాం. అక్కడ మీరూ క్షేమమని నమ్ముతున్నాం. ముందు ఈ ముక్క రాయి, తర్వాత నీ ఇష్టం వచ్చింది రాసుకో అని అత్తయ్య పక్కన కూర్చుని మరీ రాయించారు. రాసి చూపించాక లేచి వెళ్ళి పడుకున్నారు. కాబట్టి ఇక్కడి నుంచి రాసేదంతా నాదే.

రేపు పొద్దున సరుకుల పడవ బయల్దేరేలోపు ఈ ఉత్తరం మీ ఓడల ఆఫీసు కిటికీలో ఇవ్వాలి. మీకు అక్కడ ఫోను అందదు కాబట్టి ఉత్తరమే దారి. మీ ఓడ రేవుకి చేరకముందే మీకు అందుతుందా అని నిన్న వెళ్ళి అడిగాను. "ఆ మాట సముద్రాన్ని అడగమ్మా" అన్నాడు కిటికీలో అతను. ఈసారి మాత్రం అందితీరాలి. ఎందుకో చివర రాస్తాను. మీకు ఉత్తరాలు చివరి నుంచి చదివే అలవాటుంది. ఈ ఒక్కటి వరసగా చదవండి, మీకు పుణ్యం ఉంటుంది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. కుళాయి బాగైంది. మీరు రాసినట్టే లోపలి వాషర్ అరిగిపోయింది, నేనే మార్చాను. ఇప్పుడు కారడం లేదు గాని తిప్పినప్పుడల్లా పిల్లిలా అరుస్తోంది. పాప దగ్గు తగ్గింది. ముందు పన్ను ఊడింది. దాన్ని నాన్నకి పంపమని ఒకటే గొడవ. సముద్రంలో పడిపోతే మళ్ళీ మొలవదని భయపెట్టి ఆపాను. అత్తయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. మెట్లు ఎక్కేటప్పుడు ఉంటుంది, పక్కింట్లో కబుర్లకి వెళ్ళేటప్పుడు ఉండదు.

వైండింగ్ తాత తన మోటార్ల షాపు ఎవరికైనా ఇచ్చేశాడా అని అడిగారు. బయటివాళ్ళకి ఇవ్వలేదు. వార్నిష్ వాసన ఇక మీద పడదని డాక్టరు గట్టిగా చెప్పాడట. పొద్దున షట్టర్ తీస్తాడు, మోటారుకి నాలుగు చుట్లు తీగ చుడతాడు, బయటికి వచ్చి దగ్గుతాడు. మొన్న ఒకతను బేరానికి వచ్చి, గోడలు తట్టి, షట్టర్ రెండుసార్లు ఎత్తి దించి చూసి వెళ్ళాడు. వీధి ఇవతలి నుంచి చూస్తూ ఉంటే మన ఇల్లు ఎవరో కొలుస్తున్నట్టు అనిపించింది.

ఇక మనందరం షేర్లు కొన్న చిప్పుల కంపెనీ సంగతి.

మీ పోయిన ఉత్తరంలో ఒక మాట రాశారు. షేరు ధర నేను రాసిచ్చిన అంకె తగిలితే ఇంటికి వచ్చేస్తాను, తాత షాపు తీసుకుందాం, తగలకపోతే రేవులో ఇంకో మూడేళ్ళ ఒప్పందానికి సంతకం పెట్టేస్తాను అని. గొడుగు దొరక్కపోతే తడుస్తూ వస్తాను అన్నంత మామూలుగా రాశారు. ఆ మాట నాకు నోటికి వచ్చేసింది. ఆ అంకె మీరు బీరువా తలుపు లోపల పెన్సిలుతో రాసి వెళ్ళారు. బట్టలు తీసినప్పుడల్లా అదే ముందు కనిపిస్తుంది. ఫోనులో అంకె దానికి దగ్గరైతే మీరు ఒక అడుగు ఇటు వేసినట్టు, దూరమైతే వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. ఇది మీకు ఎప్పుడూ రాయలేదు. రాస్తే నవ్వుతారని.

మీరు వెళ్ళాక టైలర్ బాబాయి షాపు ఎలా మారిందో చూడాలి. టీవీని అద్దం మీదికి మార్చాడు. కొలతలిచ్చేవాళ్ళు తమ మొహం చూసుకుంటుంటే ఈయన వాళ్ళ నెత్తి మీదుగా వార్తలు చూస్తాడు. మన కంపెనీ పడిన రోజు కుట్టిన చొక్కాలకి చేతులు పొట్టిగా వస్తున్నాయని వీధిలో అనుకుంటున్నారు. ట్యూషన్ మాస్టారు పిల్లలకి ఎక్కాలు అప్పగించి మధ్యలో పరిగెత్తుకొస్తారు. ఇస్త్రీ పిన్ని మన మెట్ల కింద బల్ల దగ్గరి నుంచే, "పెరిగిందా, తరిగిందా?" అని కేకేస్తుంది. అంతకు మించి ఆమెకి అక్కర్లేదు. నేను గుమ్మం పక్కన అద్దం చాటున నిలబడతాను. ఫోను నా దగ్గరే ఉంది కాబట్టి అందరూ నన్ను చూస్తారు గాని, నా నోటి నుంచి "పెరిగింది బాబాయ్", "తగ్గింది బాబాయ్" తప్ప మూడో మాట విన్నవాళ్ళు లేరు.

ఆ చిప్పు ఎలా ఉంటుందో మాలో ఎవరం చూడలేదు. చివరికి మాస్టారు పాడైపోయిన ఫోను ఒకటి విప్పి చూపించారు. "ఇదిగో, ఫొటోలు, పాటలు, లోకంలో జరిగేదంతా ఇందులో దాచిపెడతారు. దీన్ని మెమరీ అంటారు" అన్నారు. అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని చూసి, "గోరంత లేదు. దీని మీదా ఇంతమంది ప్రాణాలు పెట్టుకుని కూర్చున్నారు? నాక్కూడా ఒకటి పెట్టించండి నాయనా, ఈ కళ్ళజోడు ఎక్కడ పెట్టానో పొద్దస్తమానం వెతుక్కుంటున్నాను" అన్నారు.

నవ్వుకోవడం అంతవరకే. మిగతా పొద్దంతా వార్తలే. ఎక్కడో కొత్త ఫ్యాక్టరీ కట్టారంటే పెరుగుతుంది. ఆలోచించే కంప్యూటర్లకి ఈ చిప్పు బిళ్ళలు బస్తాలకొద్దీ కావాలన్నారంటే పెరుగుతుంది. పెద్ద ఫోన్లవాళ్ళు ఇంకొకరి దగ్గర కొంటారట అని ఒక ముక్క వస్తే చాలు, పడుతుంది. ఒకసారి పోటీ కంపెనీ ఉన్న చోట భూమి కంపించి వాళ్ళ ఫ్యాక్టరీ ఆగిపోయిందని చెప్పారు. బాబాయి బల్ల మీద కత్తెరతో టకటకా దరువేశాడు. ఇస్త్రీ పిన్ని లోపలికి తొంగిచూసి, "అక్కడ మనుషులకేం కాలేదు కదా?" అంది. ఎవరికీ తెలియదు. ఎవరూ ఆ ముక్క వినలేదు. బాబాయి దరువు ఆపేశాడు గాని అంకె మాత్రం పెరుగుతూనే ఉంది.

వీళ్ళ డబ్బంతా మీ పేరు మీద ఉందన్న బరువు నాకు అప్పుడే తెలిసింది. బాబాయికి ఫోనులో నొక్కడం భయం. మాస్టారు తన పేరు మీద కొంటే ఇంట్లో మేడమ్‌కి తెలిసిపోతుందని భయం. పిన్నికి ఖాతానే లేదు. మీరేమో అందరి భాగాలూ కలిపి కొని, నా బొటనవేలు ఫోనుకి ఎక్కించి, "నువ్వేం చెయ్యక్కర్లేదు, జాగ్రత్తగా చూస్తూ ఉండు" అని ఓడ ఎక్కేశారు. వెళ్ళేముందు నవ్వులాటకి పెట్టిన ఆ గుండీల పద్ధతి ఇక్కడ ఎంత చట్టమైపోయిందో మీకు తెలియదు. మీది కోటు గుండీ, బాబాయిది ఇత్తడిది, మాస్టారిది నల్లది, పిన్నిది తెల్ల చొక్కా గుండీ. అమ్మాలనుకున్నవాళ్ళు గుండీ కత్తిరింపు బల్ల మీద పెట్టాలి. నాలుగూ బల్ల మీదికి వస్తేనే అమ్మాలి. ఒక్కటి గుప్పిట్లో ఉండిపోయినా అమ్మకూడదు. ఒకరి భయం అందరికీ అంటుకోకుండా ఉండాలని మీరే అన్నారట. మంచి ఉద్దేశమే. కాని ఒకరి అవసరం వస్తే ఏం చెయ్యాలో మీరు చెప్పలేదు.

ఆ అవసరం పిన్నికి వచ్చింది. ఆమె ఉండే గది ఇంటివాళ్ళు తమ కొడుకు కోసం ఖాళీ చెయ్యమన్నారు. రెండు వీధుల అవతల ఒక గది చూసుకుంది. దానికి అడ్వాన్సు కట్టాలి. వచ్చి తెల్ల గుండీ బల్ల మీద పెట్టింది.

"ఇప్పుడా?" అన్నాడు బాబాయి. "వారంలో కంపెనీవాళ్ళు లెక్కలు చెప్తారు పిన్నీ. లాభం ఎంతో తేలాక ఆకాశానికే."

"నాకు ఆకాశం వద్దురా, నాలుగు గోడలు కావాలి" అంది పిన్ని.

మాస్టారు పుస్తకంలో చదివినట్టు, "భయపడేవాళ్ళకి మార్కెట్టు పనికిరాదమ్మా" అన్నారు.

"నేను భయపడుతున్నానని ఎవరన్నారు? నన్ను ఖాళీ చెయ్యమన్నారు" అంది ఆమె. గుండీ తీసుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ నా వైపు చూసింది. నేను అద్దం వైపు చూశాను.

కంపెనీ ఫలితాలు చెప్పే రోజు మధ్యాహ్నం బాబాయి షట్టర్ సగం దించేశాడు. పాపని గుడ్డ పీలికల మూట మీద పడుకోబెట్టి నేను నా చోట నిలబడ్డాను. పిన్ని ఇస్త్రీ పెట్టె ప్లగ్గు తీసేసి వచ్చింది. మాస్టారు టీవీకి మొహం ఆనించినంత దగ్గరగా కూర్చుని, కింద పరిగెత్తే అక్షరాలు పైకి చదువుతున్నారు. ఉన్నట్టుండి ఆయన తొడ చరిచారు.

"వచ్చేసింది! కంపెనీ పుట్టాక ఇంత లాభం ఎప్పుడూ రాలేదట!"

బాబాయి మాస్టారిని ఎత్తి తిప్పినంత పనిచేశాడు. పాప ఉలిక్కిపడి లేచింది. నా చేతిలో ఫోను చూశాను. అంకె పరిగెడుతోంది. ఇంకా, ఇంకా. బీరువా తలుపు మీది మీ అంకెకి చెయ్యి చాస్తే అందేంత దూరంలోకి వచ్చి అక్కడ ఊగుతోంది. పిన్ని మాట్లాడకుండా తెల్ల గుండీ బల్ల మీద పెట్టింది.

నాకేమైందో తెలియదు. అద్దం చాటు నుంచి వెళ్ళి కోటు గుండీ దాని పక్కన పెట్టాను.

"అమ్మో! అబ్బాయి కోటు దిగిందే!" అన్నాడు బాబాయి నవ్వుతూ. మాస్టారు నవ్వలేదు. "ఏమ్మా, మీ ఆయన ఉత్తరంలో ఏమని రాశాడు?" అన్నారు.

"ఫలితాలు వచ్చాక కూడా రెండు రోజులు ఆగమన్నారు."

"మరి? సముద్రం మధ్యలో ఉన్నవాడికి ఉన్న ఓపిక, ఇంట్లో నీడన ఉన్నదానివి, నీకు లేదా?"

నలుగురిలో అన్ని కళ్ళు తప్పుబడుతూ నా మీద ఎప్పుడూ పడలేదు. గుండీ తీసుకుని మళ్ళీ అద్దం చాటుకి వచ్చేశాను. పిన్నిది ఒక్కటే మిగిలింది బల్ల మీద.

కాసేపటికి ఆ కంపెనీ పెద్దాయన టీవీలో మాట్లాడాడు. కోటు వేసుకుని, చాలా మర్యాదగా, రాబోయే నెలల్లో బిళ్ళల ధర తగ్గవచ్చు అన్నాడు. అంతే. మెట్ల మీది నుంచి బిందె జారిపడినట్టు పడింది. మేం చూస్తుండగానే పడింది.

"అదేంటి? లాభం ఎక్కువే వచ్చిందన్నారుగా?" అంది పిన్ని.

"వచ్చింది. కాని అనుకున్నంత రాలేదట."

"ఎవరు అనుకున్నంత?"

"పెద్దపెద్దవాళ్ళు. వాళ్ళ లెక్క వేరే ఉంటుంది."

"మరి మనం అనుకున్నది ఎవరూ అడగలేదా?"

బాబాయి షట్టర్ పూర్తిగా ఎత్తేశాడు. వెలుతురు పడి అందరం ఒకరికొకరం బాగా కనిపించాం. ఎవరి పని మీద వాళ్ళం వెళ్ళిపోయాం.

మర్నాడు పొద్దున ఇంకా పడింది. "తాత్కాలికం, తాత్కాలికం" అని మాస్టారు తనకి తానే చెప్పుకుంటున్నారు. నేను నీళ్ళు పట్టుకుని మెట్లు ఎక్కుతుంటే కాలిన గుడ్డ వాసన వచ్చింది. పిన్ని పెట్టె కింద ఎవరిదో తెల్ల చొక్కా మాడిపోయింది. ఇన్నేళ్ళలో ఆమె చేతిలో ఒక్క బట్ట మాడటం నేను చూడలేదు. పెట్టె ఎత్తి ఆ మచ్చ వైపే చూస్తూ నిలబడింది. నన్ను ఏమీ అడగలేదు. అడిగి ఉంటే కుదరదని చెప్పగలిగేదాన్నేమో.

బిందె మెట్టు మీద దించి అక్కడే కూర్చున్నాను. ఫోను తీశాను. మన భాగం, పిన్ని భాగం, రెండే అమ్మమని పెట్టాను. ఖాయమేనా అని అడిగింది. తడి వేలు పట్టలేదు. కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టాను. ఖాయమేనా అని మళ్ళీ అడిగింది. ఇంట్లో నన్ను ఎవరూ ఏ విషయంలోనూ రెండుసార్లు అడగరు. నవ్వొచ్చింది, భయం వేసింది. పెట్టేశాను.

మీ అంకెకి ఎంతో కిందనే అమ్మాను. పెట్టినదానికన్నా కాస్త ఎక్కువే వచ్చింది గాని షాపుకి సరిపడా రాలేదు. దాచిపెట్టడం నాకు చేతకాదు. ఆ తడి చేతులతోనే బాబాయి షాపుకి వెళ్ళి, మిషను పక్కన నిలబడి, "మాదీ పిన్నిదీ అమ్మేశాను బాబాయ్" అన్నాను.

మిషను ఆగింది. "గుండీలు?"

"పెట్టలేదు."

"మీ ఆయన పెట్టిన పద్ధతమ్మా అది!"

"అవును బాబాయ్."

ఆయన ఇంకేం అంటాడో అని చూశాను. దారం తెంపి, చొక్కా మడిచి, లోపలికి వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం గుమ్మంలో ఎదురై, "రేపు లేస్తుంది చూడు, అప్పుడు ఏడుద్దువుగాని" అన్నారు.

అక్కడితో ఆగితే ఈ ఉత్తరం నేను ఇంతసేపు రాసేదాన్ని కాదు. ఇప్పుడు రాసేదే రాయలేక ఇంతసేపు కుళాయి గురించి, కళ్ళజోడు గురించి రాశాను.

మాస్టారు చెప్పినట్టే అయింది. అటుమొన్న పోటీ కంపెనీవాళ్ళు బిళ్ళలు తయారుచెయ్యడం తగ్గిస్తున్నామని చెప్పారు. సరుకు తగ్గితే ధర పెరుగుతుందని అందరూ మళ్ళీ మన కంపెనీ మీద పడ్డారు. పోయినదంతా తిరిగి వచ్చింది. మొన్న మధ్యాహ్నం మీ అంకె తగిలింది. తగిలి, దాటి, పైకి వెళ్ళింది.

నేను ఆగి ఉంటే ఇవాళ షాపు మనది. మీరు ఏ ఆలోచనా లేకుండా దిగి ఇంటికి వచ్చేవారు. మీరు చెప్పింది చెప్పినట్టు జరిగింది, నేనే దారికి అడ్డం పడ్డాను. ఈ మాట వేరేవాళ్ళు రాస్తే మీకు కోపం వస్తుందని నేనే రాస్తున్నాను.

బాబాయి, మాస్టారు మన ఇంటికి వచ్చారు. ఇత్తడి గుండీ, నల్ల గుండీ మన బల్ల మీద పెట్టారు. వాళ్ళ భాగాలు అమ్మాల్సింది కూడా నా వేలే కదా. నొక్కాను. ఖాయమేనా అని అడిగితే ఈసారి నవ్వు రాలేదు. మీ అంకె కన్నా పైన అమ్మి, ఎవరిది వాళ్ళకి పంపాను. మాస్టారు, "నేనేం చెప్పాను? నేనేం చెప్పాను?" అని పాపకి కూడా చెప్పారు. బాబాయి చెప్పులు వేసుకుంటూ, "నువ్వు ఆగి ఉంటే అబ్బాయి ఈపాటికి..." అని ఆపేశాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది.

పిన్నికి మొహం చూపించలేక ఆ మెట్లు దిగడం మానేశాను. నిన్న ఆమే పైకి వచ్చింది. "ఏంటి కోడలా, నామీద అలిగావా?" అంది. నేను ఏడుస్తూ, ఆగి ఉంటే నీకు ఎంత వచ్చేదో అన్నాను. "వచ్చేదిలే. ఈపాటికి నా సామాను వీధిలో ఉండేది, దాని మీద కూర్చుని లెక్కపెట్టుకునేదాన్ని" అంది. కొత్త గది తాళంచెవి నా ముక్కు ముందు ఆడించింది. గోడలు నిలబడ్డాయి గాని తలుపు సరిగ్గా పడదట, మీరు వచ్చాక చూడాలట.

మీరు వచ్చాక అని ఆమె మామూలుగా అనేసింది. అత్తయ్య పక్కనే కాళ్ళు చాపుకుని వింటున్నారు. పిన్ని వెళ్ళాక, "ఈ పెరగడాలు తరగడాలు నాకు తెలియవే. వాడొస్తాడా, రాడా?" అన్నారు.

"సంతకం పెడతానన్నారు అత్తయ్యా. అంకె తగలకపోతే."

"నువ్వేమన్నావు?"

నేనేమీ అనలేదండీ. అదే చెప్పాను. పెళ్ళయిన దగ్గర్నుంచి మీరు ఎప్పుడు వెళ్ళాలో, ఎప్పుడు రావాలో మీరు చెప్పారు, మీ ఆఫీసు చెప్పింది, ఈమధ్య ఎక్కడో ఒక చిప్పుల కంపెనీ చెప్పింది. నేను సంచి సర్దాను. నన్ను అడగలేదని కాదు, అడిగే సందు నేనే ఇవ్వలేదు. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, "అంత పెద్ద ఫోనులో వేలు పెట్టి అమ్మేశావు, మొగుణ్ణి రమ్మని రాయలేవూ?" అన్నారు.

అప్పుడు కాళ్ళలో చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా వైండింగ్ తాత దగ్గరికి వెళ్ళాను. లోపల ఎండకి రాగి తీగ చుట్టలు మెరుస్తున్నాయి. తాత ఒక పంపు మోటారు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. మా దగ్గర ఇంతే ఉంది తాతా అని చెప్పాను. మిగతాది షాపు నడిపి నెలనెలా ఇస్తామన్నాను.

"నాకు డబ్బు తొందర లేదు పిల్లా, ఊపిరి తొందర" అన్నాడు. "షాపులో మనిషి కావాలి. ఈ నెల దాటితే నేను కూర్చోలేను. ఆ షట్టర్ ఎత్తి చూసినవాడు రేపో మాపో మొత్తం తెస్తానంటున్నాడు. మీవాడు వస్తాడా?"

"వస్తారు."

"వస్తానన్నాడా?"

"అనలేదు. నేను రమ్మంటాను."

తాత దగ్గబోయి నవ్వాడు, నవ్వబోయి దగ్గాడు. మన భాగం డబ్బంతా ఆయన చేతిలో పెట్టాను. మీరు రాకపోతే నేను మాట తప్పినట్టు, ఆ డబ్బు తిరిగి అడగను అని నేనే అన్నాను. ఆయన అడగలేదు. ఇవాళ పొద్దున నన్ను కూర్చోబెట్టి తీగ చుట్టడం చూపించాడు. మొదటి చుట్టు మొత్తం విప్పేయించాడు. రెండోది సగం విప్పేయించాడు. వేళ్ళు కోసుకుపోయాయి, అందుకే అక్షరాలు ఇలా వస్తున్నాయి, ఏడుస్తూ రాశాననుకోకండి.

కోపం వస్తే రానివ్వండి. ఇంటికి వచ్చి కోప్పడండి, వింటాను. మీకొక అంకె ఉంది. అది తప్పని నేను అనను, మొన్న అది నిజంగానే వచ్చింది కూడా. కాని ఎంత డబ్బుంటే మీరు ఇంట్లో ఉండొచ్చో అన్న లెక్క నేను ఎప్పుడూ వెయ్యలేదు. ఈ కాస్తతో ఉండగలను. ఆ రోజు కోటు గుండీతో పాటు బల్ల మీద పెట్టి తీసేసుకున్న మాట ఇదే. ఈసారి తియ్యను.

ఈ ఉత్తరం సలహా అడగడానికి కాదు. మీ జవాబు వచ్చేసరికి నెల దాటిపోతుంది. షాపు తీసుకున్నాను. తాళాలు రెండు జతలు, ఒకటి నా దగ్గర ఉంది. రేవులో మీ ముందు కాగితం పెడతారు, కలం కూడా వాళ్ళే ఇస్తారు.

సంతకం పెట్టకండి. సంచి సర్దుకోండి. పెట్టేముందు ఈ ఉత్తరం అందితే దిగి వచ్చేయండి. పెట్టాక అందితే, ఆ కాగితం వెనక్కి ఇమ్మని అడగండి. ఒకసారికి ఇవ్వకపోతే రెండుసార్లు అడగండి.

ఇట్లు,
మిమ్మల్ని రమ్మంటున్న
మీ భార్య